డ్రైయర్ బుద్ధి పుడితే స్టార్ట్ అవుతోంది, లేకపోతే లేదు. ఏం చూడాలి?

మబ్బుపట్టింది:
అందరికీ నమస్కారం. బట్టలారబెట్టే డ్రైయర్ గురించి అడుగుతున్నా, నెల రోజులుగా తల తినేస్తోంది. ముందు తలుపున్న రకం, వేడిగాలి వెనక గొట్టంలోంచి బయటికి పోతుంది, టైమర్ నాబ్ తిప్పి స్టార్ట్ బటన్ నొక్కాలి అంతే, స్క్రీన్ గిక్రీన్ ఏమీ లేదు. కొని తొమ్మిదేళ్లు, ఇన్నాళ్లూ కిక్కురుమనలేదు. ఇప్పుడేమో పొద్దున్న నొక్కితే వెంటనే తిరుగుతుంది, అదే సాయంత్రం నొక్కితే తిరగదు. తలుపు తీసి బట్టలు కాస్త సర్ది మళ్ళీ గట్టిగా వేస్తే ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి ఎన్నిసార్లు వేసినా రాదు, విసుగొచ్చి అరగంట వదిలేసి వస్తే ఏమీ జరగనట్టు తిరుగుతుంది. లోపల లైటు వెలుగుతుంది, టైమర్ నాబ్ కూడా కదులుతుంది. మెకానిక్‌ని పిలిస్తే ఆయన ముందు మహా బుద్ధిగా పనిచేసింది, ఆయన నా వైపు ఒక చూపు చూసి వెళ్ళిపోయాడు. నాకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చు, మల్టీమీటర్ ఉంది కానీ బ్యాటరీలు చూడ్డానికి తప్ప వాడలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

టక్కుటిక్కు:
డోర్ స్విచ్. కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. తలుపు గట్టిగా వేస్తే వస్తోంది అన్నారు కదా, ఇంకేం కావాలి. తలుపు వేసినప్పుడు లోపల టిక్ మని ఒక శబ్దం వస్తుంది, ఆ స్విచ్‌లో కాంటాక్ట్ అరిగిపోయి ఉంటుంది. చిన్న పార్టు, మార్చేయండి, పదిహేను నిమిషాల పని.

నాలుగోగేరు:
తొమ్మిదేళ్లంటే మోటార్ పోయే టైమే బ్రో. మోటార్ మార్చు, లేదా మిషనే మార్చు. పాత మిషన్ మీద పెట్టే ఖర్చు బూడిదలో పోసిన పన్నీరు.

వేగుచుక్క:
@మబ్బుపట్టింది ఏది చేసినా ముందు ప్లగ్ తీయండి, స్విచ్ ఆఫ్ చేయడం కాదు ప్లగ్ బయటికి లాగేయండి. హీటర్‌కి వెళ్ళే కరెంటు చాలా ఎక్కువ, ఫ్యాన్ రెగ్యులేటర్ విప్పినట్టు విప్పే వస్తువు కాదు ఇది. గ్యాస్‌తో నడిచేదైతే గ్యాస్ వైపు అసలు చెయ్యి పెట్టకండి. ఇంకోటి, నూగు వడకట్టే జల్లెడ ప్రతిసారీ శుభ్రం చేస్తున్నారా?

మబ్బుపట్టింది:
కరెంటు హీటరే అండి, గ్యాస్ కాదు. జల్లెడ ప్రతిసారీ మా ఆవిడ తుడుస్తుంది (నేను ప్రతిసారీ కాదు, ఒప్పుకుంటా). డోర్ స్విచ్ మాటే నిజమనిపిస్తోంది, ఆర్డర్ పెట్టా.

పాతమోటారు:
బాబూ ఆర్డర్ పెట్టే ముందు ఒక్క మాట. స్టార్ట్ నొక్కినప్పుడు రాకపోతే, ఏ శబ్దమూ రావట్లేదా, లేక గుయ్ మని ఏదైనా మూలుగు వస్తోందా? నువ్వు రాసిన దాంట్లో అన్నీ ఉన్నాయి, ఈ ఒక్కటి లేదు.

టక్కుటిక్కు:
అన్నా తలుపు గట్టిగా వేస్తే వస్తోంది అని రాశాడు కదా. దీనికి మళ్ళీ శబ్దం ఎందుకు

పాతమోటారు:
తలుపు గట్టిగా వేస్తే వస్తోంది అని రాయలేదు. తలుపు తీసి, బట్టలు సర్ది, గట్టిగా వేస్తే వస్తోంది అని రాశాడు. మూడు పనులు చేశాడు, ఏది పనిచేసిందో మనకి తెలీదు.

మబ్బుపట్టింది:
సారీ, రెండు రోజులు ఇటు రాలేదు. డోర్ స్విచ్ వచ్చింది, మార్చాను! తలుపు అంచున రెండు స్క్రూలు తీస్తే చాలు, తీగలు ఏది ఎక్కడో ముందే ఫోటో తీసుకున్నా. పెట్టిన దగ్గర్నుంచి ఐదు సార్లు వేశాం, ఐదు సార్లూ మొదటి నొక్కుడికే స్టార్ట్. @టక్కుటిక్కు మీకు వంద దండాలు.

టక్కుటిక్కు:
😎 చెప్పానా లేదా

నాలుగోగేరు:
సరే అయితే, శుభం

మబ్బుపట్టింది:
శుభం కాదండి. మళ్ళీ మొదటికొచ్చింది. నిన్న సాయంత్రం దుప్పట్లు, తువ్వాళ్లు వేసి నొక్కితే రాలేదు. కొత్త స్విచ్ టిక్ మని చక్కగా అంటోంది. తలుపు పది సార్లు వేశా, పక్కింటివాళ్ళు ఏం గొడవ పడుతున్నారా అనుకునేంత గట్టిగా వేశా. రాలేదు.

పాతమోటారు గారూ, మీరడిగిన శబ్దం ఈసారి జాగ్రత్తగా విన్నా. చెవి మిషన్‌కి ఆనించి నొక్కితే గుయ్య్ అని లోపల అడుగు నుంచి సన్నగా మూలుగుతోంది, డ్రమ్ము మాత్రం కదలట్లేదు. అలా పది సెకన్లో ఎంతో మూలిగి చిన్నగా టక్ మని ఆగిపోతుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు నొక్కినా ఏ శబ్దమూ ఉండదు. అరగంటయ్యాక మళ్ళీ నొక్కితే ఒకసారి గుయ్ మంటుంది, ఒకసారి చక్కగా తిరుగుతుంది.

అరసున్నా:
ఇది చాలా పనికొచ్చే సమాచారం, మొదటి పోస్టులోనే ఉండాల్సింది. కొంచెం వివరంగా రాస్తా, ఓపికగా చదవండి.

డ్రైయర్‌లో కరెంటు మోటార్ దాకా వెళ్ళాలంటే ఒకదాని వెనక ఒకటి చాలా గేట్లు దాటాలి. టైమర్ లోపలి కాంటాక్ట్, డోర్ స్విచ్, చాలా మోడళ్లలో థర్మల్ ఫ్యూజు (మరీ వేడెక్కితే తెగిపోయేది), కొన్నింట్లో బెల్టు తెగితే ఆపేసే చిన్న స్విచ్, స్టార్ట్ బటన్. వీటిలో ఏ ఒక్క గేటు మూసుకుపోయినా మోటార్‌కి కరెంటే అందదు, అప్పుడు బొత్తిగా నిశ్శబ్దం. మీ దగ్గర మూలుగు వస్తోంది అంటే కరెంటు మోటార్ వైండింగ్ (లోపలి తీగ చుట్ట) దాకా వచ్చేసింది, అంటే ఆ గేట్లన్నీ తెరుచుకున్నాయి, డోర్ స్విచ్‌తో సహా. మోటార్‌కి అందుతోంది, అది తిరగలేకపోతోంది, అంతే.

చివరలో టక్ మన్నది మోటార్ మీదుండే ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్. తిరగకుండా నిలబడిపోయిన మోటార్ మామూలు కన్నా చాలా రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది, కాలిపోకుండా అది తెంపేస్తుంది. చల్లారాక దానంతటదే కలుపుకుంటుంది. మీ అరగంట రహస్యం అదే. అందుకని గుయ్ మంటుండగా బటన్ మళ్ళీ మళ్ళీ నొక్కకండి, ప్రతిసారీ వైండింగ్ కొంచెం కొంచెం మాడుతుంది.

ఒక్క అనుమానం మాత్రం మిగులుతుంది. ప్లగ్‌లోనో వెనక తీగలు బిగించే చోటో స్క్రూ వదులై కాలి ఉంటే వోల్టేజీ పడిపోయి కూడా ఇలాగే మూలగొచ్చు. ప్లగ్ తీసి పిన్నులు నల్లబడ్డాయేమో, ప్లాస్టిక్ కరిగిందేమో చూడండి.

నాలుగోగేరు:
అంటే నేను చెప్పింది మోటార్, అరసున్నా గారు చెప్పింది మోటార్. మొదటి రోజే చెప్పా.

పాతమోటారు:
నాయనా మోటార్ తిరగట్లేదు అనడం వేరు, మోటార్ పోయింది అనడం వేరు. బండి కదలకపోతే ఎద్దు చచ్చిందంటావా, చక్రం కింద రాయి ఉందేమో చూడవా.

@మబ్బుపట్టింది నేను ముప్పై ఏళ్లు మోటార్లు వైండింగ్ చేసిన వాణ్ణి. రెండు పనులు చెయ్యి. ఒకటి, ప్లగ్ తీసి, డ్రమ్ము ఖాళీ చేసి, లోపల చెయ్యి పెట్టి డ్రమ్ముని తిప్పి చూడు. మరీ గాలిమరలా తిరిగిపోతే బెల్టు తెగినట్టు. అసలు కదలకపోతే ఏదో ఇరుక్కున్నట్టు, ఒక్కోసారి సాక్సు పోయి ఫ్యాన్‌లో చుట్టుకుంటుంది. కొంచెం బిగువుగా, ఒకే తీరున తిరిగితే మంచిది. రెండోది, మీ మిషన్ ఒకే వైపు తిరుగుతుందా, లేక మధ్యమధ్యలో ఆగి అటువైపు తిరుగుతుందా?

మబ్బుపట్టింది:
ప్లగ్ చూశా, పిన్నులు మెరుస్తున్నాయి, కాలిన గుర్తేమీ లేదు.

డ్రమ్ము ఖాళీగా తిప్పి చూశా, తిరుగుతోంది కానీ కొంచెం బరువుగానే ఉంది, పైగా ఎక్కడో కీచ్ మంటోంది. అది ముందు నుంచీ ఉందో లేదో నాకు గుర్తులేదు, మా ఆవిడైతే "ఆరు నెలలుగా చెప్తున్నా" అంటోంది.

రెండోది, అవునండి, మధ్యలో ఆగి అటువైపు తిరుగుతుంది, దుప్పట్లు మెలిపడకుండా. ఇది మీరడిగాక గుర్తొచ్చింది, ఒక్కోసారి బాగా తిరుగుతున్నదే మధ్యలో ఆగిపోయి గుయ్ మంటుంది. మేం ఇది వేరే జబ్బు అనుకున్నాం, అందుకే రాయలేదు.

పాతమోటారు:
అదే జబ్బు. వేరేది కాదు. నువ్వు బటన్ నొక్కేది ఒక్కసారే, కానీ వైపు మార్చిన ప్రతిసారీ మోటార్ పూర్తిగా ఆగి మళ్ళీ మొదట్నుంచి స్టార్ట్ అవ్వాలి. ఒక్క మూటకి అది పదుల సార్లు స్టార్ట్ అవుతోంది. అందులో ఒక్కసారి తడబడినా అక్కడే నిలబడి మూలుగుతుంది.

ఇంక నా అనుమానం కండెన్సర్ మీద, కెపాసిటర్ అన్నా అదే. అటూ ఇటూ తిరిగే డ్రైయర్‌లో మోటార్‌కి సాధారణంగా ఒక కెపాసిటర్ ఉంటుంది, మన ఫ్యాన్‌కి ఉన్నట్టే, కొంచెం పెద్దది.

వేగుచుక్క:
ఆ ఫ్యాన్ పోలిక కొంచెం విడమరచండి పాతమోటారు గారూ, నాకూ తెలుసుకోవాలనుంది.

పాతమోటారు:
కండెన్సర్ నీరసించిన సీలింగ్ ఫ్యాన్ చూసే ఉంటావమ్మా. స్విచ్ వేస్తే గుయ్ మంటూ కదలకుండా ఉంటుంది, కర్రతో రెక్కని ఒక తోపు తోస్తే మెల్లిగా అందుకుంటుంది. అందులో తమాషా ఏంటంటే ఏ వైపు తోస్తే ఆ వైపే తిరుగుతుంది.

ఎందుకంటే ఇళ్ళలో వచ్చే సింగిల్ ఫేజ్ కరెంటు ఒక్క వైండింగ్‌లోకి పంపితే అయస్కాంతం ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది తప్ప గుండ్రంగా తిరగదు. రోటర్‌ని, అంటే మోటార్‌లో తిరిగే భాగాన్ని, ఇటు ఎంత లాగుతుందో అటూ అంతే లాగుతుంది, అది మధ్యలో వణుకుతూ నిలబడిపోతుంది, ఆ వణుకుడే మనకి వినిపించే గుయ్. ఇటో అటో తోపు ఇవ్వడానికి రెండో వైండింగ్ పెడతారు, దాని కరెంటు మొదటిదానితో కలిసి నడవకుండా జరిగి ఉండాలి, ఆ జరిపే పని కండెన్సర్‌ది. వేడికి, వయసుకి అది కొంచెం కొంచెం కరిగిపోతూ వస్తుంది. చాలాసార్లు ఒక్కసారిగా చచ్చిపోదు. సగం బలంతో ఖాళీ డ్రమ్ముని తోసేస్తుంది, తడి దుప్పట్లు వేస్తే తోయలేదు.

మబ్బుపట్టింది:
ఓరి నాయనో. పొద్దున్న మేం వేసేవి నాలుగు చొక్కాలు. సాయంత్రం తువ్వాళ్లు, దుప్పట్లు. నేను ఇన్నాళ్లూ సాయంత్రం వోల్టేజీ తక్కువేమో అనుకుంటున్నా.

తలుపు తీసి సర్దితే వచ్చిందన్నాను కదా, అప్పుడు ఒకటి రెండు దుప్పట్లు బయటికి తీసేవాళ్ళం 🤦 కొత్త డోర్ స్విచ్ పెట్టాక వేసిన ఐదు సార్లూ కూడా చిన్న మూటలే, "చూద్దాం పనిచేస్తుందో లేదో" అని.

టక్కుటిక్కు:
సరే ఓడిపోయా. కానీ ఆ స్విచ్ ఎలాగూ పాతదే, మార్చడం మంచిదే అయింది 😐

ఇంకో ఐడియా, కండెన్సరో కాదో తేల్చుకోవాలంటే వెనక రేకు విప్పి, డోర్ స్విచ్ తీగలు రెండూ కలిపేసి, కరెంటు ఇచ్చి మోటార్ పుల్లీని చేత్తో ఒక తోపు

వేగుచుక్క:
వద్దు. దయచేసి ఎవ్వరూ ఆ పని చేయకండి. రేకు విప్పి కరెంటు ఇచ్చి బెల్టు పక్కన చెయ్యి పెట్టడం ఏంటండీ, అది అందుకున్న క్షణం వేళ్ళు బెల్టు కింద ఉంటాయి. ఇంక డోర్ స్విచ్ తీగలు కలిపేయడం అంటే తలుపు తెరిచినా డ్రమ్ము తిరుగుతూనే ఉంటుంది. ఇంట్లో పిల్లలుంటారు. ఒక్కసారి టెస్ట్‌కే అని కలిపిన తీగలు అలాగే మిగిలిపోయిన ఇళ్లు నాకు తెలుసు.

టక్కుటిక్కు:
ఒప్పుకున్నా, రాసింది వెనక్కి తీసుకుంటున్నా. నేను చేసి బతికిపోయా కాబట్టి సులువుగా అనేశా.

పాతమోటారు:
వేగుచుక్క చెప్పింది అక్షరాలా నిజం. తోపు పరీక్ష రేకు విప్పకుండానే చెయ్యొచ్చు, ఇద్దరు కావాలి. టైమర్ తిప్పి పెట్టు, డ్రమ్ము ఖాళీ, తలుపు తెరిచి డ్రమ్ముని చేత్తో గట్టిగా ఒక తిప్పు తిప్పి చెయ్యి బయటికి తీసి తలుపు మూసెయ్యి, మూసిన మరుక్షణం రెండో మనిషి స్టార్ట్ నొక్కాలి. డ్రమ్ము ఆగేలోపు నొక్కితేనే లెక్క. నువ్వు తిప్పిన వైపే అందుకుంటే, రెండోసారి కావాలని అవతలి వైపు తిప్పి చూడు. కుదరకపోతే మూడు నాలుగు సార్లకి ఆపెయ్, మోటార్‌ని మాడ్చకు.

మబ్బుపట్టింది:
చేశాం!! మా అమ్మాయి బటన్ దగ్గర, నేను తలుపు దగ్గర. ఖాళీ డ్రమ్ముతో ఊరికే నొక్కితే ఎలాగూ స్టార్ట్ అయిపోతోంది, అందుకని పాతమోటారు గారు చెప్పిన దానికి చిన్న మార్పు చేసి తడి తువ్వాళ్లు రెండు వేశాం. మొదటి రెండు సార్లు నేను తలుపు వేసేసరికే డ్రమ్ము ఆగిపోయింది, గుయ్. మధ్యలో అరగంట చల్లారనిచ్చాం. మూడోసారి అమ్మాయి సరిగ్గా నొక్కింది, అందుకుంది. ఆపి, ఈసారి అవతలి వైపు తిప్పి వేస్తే అవతలి వైపే తిరిగింది! అమ్మాయికి మహా సరదాగా ఉంది, ఇంకోసారి నాన్నా అంటోంది, నేనే వద్దన్నా.

అరసున్నా:
ఎటు తోస్తే అటు తిరుగుతోందంటే ప్రధాన వైండింగ్ బాగుంది, తోపు ఇచ్చే రెండో దారి బలహీనంగా ఉంది. కెపాసిటర్ కావచ్చు, దాని తీగ వదులై ఉండొచ్చు, రెండో వైండింగే తెగి ఉండొచ్చు. చిన్న మూటలకి స్టార్ట్ అవుతోంది కాబట్టి పూర్తిగా తెగలేదు. కెపాసిటర్ మీదే ఎక్కువ అనుమానం.

ఇంక విప్పండి. ప్లగ్ తీసి, గొట్టం ఊడదీసి, వెనక లేదా పక్క రేకు. మోటార్ దగ్గర తెల్లటి ప్లాస్టిక్ లేదా అల్యూమినియం డబ్బా ఉంటుంది, గుండ్రంగా, బొటనవేలంత లావు నుంచి ఇంకొంచెం పెద్దది. దాని మీద ఎన్ని మైక్రోఫారడ్లో (కెపాసిటర్ బలానికి కొలత), ఎన్ని వోల్టులో రాసి ఉంటుంది. ప్లగ్ తీసినా అందులో చార్జ్ మిగిలి ఉండొచ్చు, తీగలు తగిలించే రెండు కాళ్ళనీ చేత్తో ముట్టకండి. 10 నుంచి 20 కిలో ఓమ్స్ ఉండే, కొన్ని వాట్ల రెసిస్టర్‌ని పిడి ఉన్న పటకారుతో పట్టుకుని రెండు కాళ్ళకీ కొన్ని సెకన్లు ఆనించండి, తర్వాత మీటర్ వోల్టుల్లో పెట్టి సున్నా చూపిస్తోందో లేదో చూశాకే ముట్టండి.

టక్కుటిక్కు:
స్క్రూడ్రైవర్ అడ్డంపెట్టి టప్ మనిపిస్తే సరిపోదా, అందరూ అదే చేస్తారు

అరసున్నా:
చేస్తారు. నిప్పురవ్వ ఎగురుతుంది, కాలు కరుగుతుంది, ఒక్కోసారి లోపల దెబ్బతింటుంది. తర్వాత కొలిస్తే వచ్చే అంకెని నమ్మలేం. కొలవడానికే కదా విప్పుతోంది.

నాలుగోగేరు:
ఇంత కష్టపడే బదులు... సరే సరే, ఏమీ అనట్లేదు. ఎదురుచూస్తున్నా.

మబ్బుపట్టింది:
ఆదివారం మధ్యాహ్నం మొత్తం దీనికే పోయింది. వెనక రేకుకి పదకొండు స్క్రూలు, అందులో ఒకటి దొర్లి ఎక్కడికో పోయింది. తీయగానే ముందు నాకు కనపడింది నూగు. బూడిద రంగు దుప్పటి కప్పినట్టు మోటార్ మీద, అడుగున, మూలల్లో అంతా. జల్లెడ తుడుస్తూనే ఉన్నా ఇంత ఎక్కడ్నుంచి వచ్చిందో. ఒక నాణెం, రెండు జడపిన్నులు, అమ్మాయిది మూడేళ్ల కింద పోయిన చేతి గ్లౌజు దొరికాయి.

కెపాసిటర్ దొరికింది, తెల్ల డబ్బా, దాని మీద 8 మైక్రోఫారడ్, ప్లస్ ఆర్ మైనస్ 5 శాతం, 450 వోల్ట్ అని ఉంది. చూడ్డానికి మాత్రం నిగనిగలాడుతోంది, ఉబ్బలేదు, కారలేదు, కాలిన వాసన లేదు. నా మీటర్‌లో కెపాసిటర్ కొలిచే సదుపాయం లేదు, తెలిసినాయన మీటర్ తెచ్చుకున్నా. రెసిస్టర్‌తో ఖాళీ చేసి తీగలు ఊడదీసి పెడితే...

3.4.

నమ్మకం కలగక మూడు సార్లు పెట్టా. 3.4, 3.4, 3.3.

పాతమోటారు:
8కి 5 శాతం అంటే 7.6 దాకా తగ్గినా ఒప్పుకుంటాం. 3.4 అంటే సగం కూడా లేదు. పాపం ఆ మోటార్ ఇన్నాళ్లూ ఒంటి కాలి మీద గెంతుతోంది.

పైకి బాగుంది కదా అని వదిలేసేవాళ్ళు చాలామంది. ఉబ్బితే పోయినట్టే, ఉబ్బకపోతే బాగున్నట్టు కాదు.

మబ్బుపట్టింది:
10 మైక్రోఫారడ్‌ది చేతిలో ఉంది, పాత నీళ్ల మోటార్‌ది. అది పెట్టేస్తే ఇంకా గట్టిగా తోస్తుందా?

అరసున్నా:
పెట్టకండి. ఇది స్టార్ట్ అయ్యాక కూడా లైన్‌లోనే ఉండే కెపాసిటర్. విలువ పెంచితే రెండో వైండింగ్‌లో అస్తమానం ఎక్కువ కరెంటు పారుతుంది, వేడెక్కుతుంది. అదే 8 తెండి, వోల్టులు 450 లేదా అంతకన్నా ఎక్కువ ఉండొచ్చు కానీ తక్కువ వద్దు, ఏసీ మోటార్ రన్ కెపాసిటర్ అని అడగండి. రేడియో, యాంప్లిఫయర్లలో వాడే ఎలక్ట్రోలిటిక్ రకం పొరపాటున కూడా పెట్టొద్దు, అది పేలుతుంది.

పాతమోటారు:
రేకు తీసే ఉంది కాబట్టి ఆ కీచ్ సంగతి కూడా తేల్చు. బెల్టుని బిగించి పట్టుకునే చిన్న చక్రం ఉంటుంది, టెన్షన్ పుల్లీ. బెల్టు ఎలా చుట్టి ఉందో ఫోటో తీసుకుని తప్పించి, ఆ చక్రాన్ని వేలితో తిప్పు. తిరిగి తిరిగి నెమ్మదిగా ఆగాలి. అలాగే మోటార్ ఇరుసుని కూడా తిప్పి చూడు.

మబ్బుపట్టింది:
మోటార్ ఇరుసు వెన్నలా తిరుగుతోంది. పుల్లీ మాత్రం వేలితో తిప్పితే పావు చుట్టు తిరిగి టక్కున ఆగుతోంది. క్లిప్పు తీసి బయటికి లాగితే దాని ఇరుసుకి నల్లగా జడలా ఏదో చుట్టుకుని ఉంది, దారాలు, వెంట్రుకలు, నూగు, పాత గ్రీజు కలిసి గట్టిపడిపోయింది. బ్లేడుతో కోసి తీయాల్సొచ్చింది. చక్రం లోపలి రంధ్రం గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా అరిగింది. పుల్లీ కూడా కొత్తది తెప్పిస్తున్నా.

(మా ఆవిడ ఈ పోస్టు చదివింది. "ఆరు నెలలు" అని మళ్ళీ అంది.)

వేగుచుక్క:
రేకు బిగించే ముందు నూగంతా వాక్యూమ్‌తో లాగేయండి, వెనక గొట్టం కూడా. నూగు చాలా తేలిగ్గా అంటుకుంటుంది, పక్కనే హీటర్. గొట్టం నలిగిపోకుండా వీలైనంత పొట్టిగా, వంపుల్లేకుండా పెట్టండి.

నూగుదూది:
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాదీ ఇలాగే ఒకసారి వస్తుంది ఒకసారి రాదు, కానీ నాకు గుయ్ లేదు, ఏమీ లేదు, శవం. లైటు మాత్రం ఉంది. థర్మల్ ఫ్యూజు అయ్యుంటుందని ఎవరో అన్నారు, నిజమేనా?

వేగుచుక్క:
థర్మల్ ఫ్యూజుతో నాకు చేదు అనుభవం ఉంది కాబట్టి చెప్తా. అది ఒక్కసారి పోతే పోయినట్టే, మళ్ళీ కలుపుకోదు. చల్లారితే కలిసేది థర్మోస్టాట్, ఫ్యూజు కాదు. కాబట్టి ఒకసారి వస్తుంది ఒకసారి రాదు అంటే ఫ్యూజు కాదు దాదాపు. నాది ఉన్నట్టుండి పూర్తిగా ఆగిపోయింది, మీటర్ పెడితే బీప్ లేదు, ఫ్యూజు మార్చాను, మూడు వారాలకి మళ్ళీ పోయింది. రెండోసారి మార్చాక గానీ గొట్టం చివర చూడాలని తోచలేదు, బయటి మూత నూగుతో తెరుచుకోకుండా అతుక్కుపోయి ఉంది. వేడిగాలి పోయే దారి లేక ఫ్యూజు దాని పని అది చేసింది, నేను దాన్నే తిట్టుకుంటూ కూర్చున్నా.

అరసున్నా:
@నూగుదూది నిశ్శబ్దం అంటే పైన రాసిన గేట్లలో ఏదో ఒకటి. బటన్ ఎక్కువసేపు గట్టిగా నొక్కితే వస్తోందా, తలుపు నెట్టి పట్టుకుంటే వస్తోందా?

నూగుదూది:
మోకాలితో తలుపుని లోపలికి నెట్టి పట్టుకుని నొక్కితే ప్రతిసారీ వస్తోంది. మోకాలు తీస్తే ఆగిపోతుంది.

టక్కుటిక్కు:
డోర్ స్విచ్!!!!!!

అరసున్నా:
ముందు మీటర్.

టక్కుటిక్కు:
ముందు మీటరే. ప్లగ్ తీసి, స్విచ్ తీగలు ఊడదీసి, మీటర్‌ని కంటిన్యుటీలో (దారి కలిసుంటే బీప్ మనే సెట్టింగ్) పెట్టి స్విచ్‌ని వేలితో నొక్కి చూడండి. బీప్ వస్తే స్విచ్ బాగుంది, తలుపు మీద దాన్ని నొక్కే కొక్కెం అరిగిందో వంగిందో చూడండి. నేను మారిన మనిషిని.

నూగుదూది:
స్విచ్ ఒకసారి బీప్, మూడు సార్లు మౌనం. గట్టిగా పక్కకి ఒత్తితే బీప్. కొక్కెం బాగానే ఉంది. అయితే స్విచ్చే.

పాతమోటారు:
తేలిపోయింది. మోటార్‌కి నాది పూచీ, స్విచ్‌కి టక్కుటిక్కుది.

మబ్బుపట్టింది:
చివరి కబురు. 8 మైక్రోఫారడ్ కొత్తది పెట్టా, ముందే కొలిచా, 7.9 చూపించింది. కొత్త పుల్లీ పెట్టా, పది స్క్రూలు బిగించా (పదకొండోది ఇంకా దొరకలేదు, అదే సైజుది ఇంకోటి కొనాలి). ఈసారి బుద్ధొచ్చి చిన్న మూటతో మొదలుపెట్టలేదు, తడి దుప్పట్లు నిండా కుక్కి నొక్కా. నొక్కీ నొక్కకముందే గిర్రున అందుకుంది, ఇంతకుముందు స్టార్ట్ అయినప్పుడు కూడా ఒక అర క్షణం ఆలోచించేది, అది కూడా లేదు. నేను కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుని వైపు మార్చినప్పుడల్లా లెక్కపెట్టా, ఇరవై రెండు దాకా లెక్కపెట్టాక ఫోన్ వచ్చి లెక్క తప్పింది. ఒక్కసారి కూడా మూలగలేదు. కీచ్ కూడా పోయింది. వారమైంది ఇవాళ్టికి.

@నూగుదూది గారూ మీదీ నాదీ ఒకే మోడల్ అయితే చెప్పండి. నేను తీసి పక్కన పడేసిన పాత డోర్ స్విచ్ సొరుగులో ఉంది. నిన్న ఊరికే మీటర్ పెట్టి చూశా, నొక్కిన ప్రతిసారీ బీప్ అంటోంది.